అడుగుటకేమియు లేని దినమున

చిరంజీవియగు మనుమరాలికి, ప్రభువైన యేసుక్రీస్తు నామమున నీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు చేరినది. ఉద్యోగము స్థిరమైనదనియు, ఆరోగ్యము బాగుగనున్నదనియు చదివి నీ నాయనమ్మయు నేనును మోకరించి దేవుని స్తుతించితిమి. అయితే, అడుగుటకేమియు లేనందున ఇటీవల ప్రార్థనలో మాటలే దొరకుటలేదని నీవు చివర వ్రాసిన వాక్యము నన్ను చాలసేపు ఆలోచింపజేసినది.

అమ్మా, ఆపదలో దేవుని తలంపనివారు అరుదు; సమృద్ధిలో తలంచువారును అంతే అరుదు. ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయమును నెమ్మదిగా చదువుము. వాగ్దానదేశపు పొలిమేరలో నిలిచిన జనులను చూచి మోషే భయపడినది, వారు కడుపార భుజించి, మంచి యిండ్లు కట్టుకొని, వెండిబంగారములు వృద్ధియైన నాడు, ఇదంతయు తమ బాహుబలమున కలిగినదేయని యెంచుకొందురేమో యనియే. అందుచేతనే ఆయన ఎఱ్ఱసముద్రము పాయలైన మహాకార్యముతో తృప్తిపడక, నలువది సంవత్సరములు వారి వస్త్రములు పాతగిలకుండుటను, నడచి నడచియు వారి కాళ్లు వాయకుండుటను సైతము జ్ఞాపకము చేసెను. జరిగిన అద్భుతమును ఎవరైనను చెప్పుకొందురు. జరుగవలసియు జరుగని కీడును గుర్తించుటకు మాత్రము కృతజ్ఞతగల హృదయము కావలెను.

లూకా సువార్తలోని పదిమంది కుష్ఠరోగులలో తిరిగి రానివారు తొమ్మండుగురును అవిధేయులు కారు సుమా! యాజకులకు కనబరచుకొనుడని ప్రభువు చెప్పగా, చెప్పినట్లే పోయిరి. సమరయుడొక్కడు మాత్రము స్వస్థతను చూచుకొని, స్వస్థపరచినవానిని తలంచుకొని, వెనుకకు మరలెను. ఇక అడుగవలసినదేదియు లేని వేళ ప్రభువు పాదములయొద్దకు వచ్చుటయే ఆతని ఆధిక్యము.

మన ఒంగోలు చరిత్రయే దీనికి సాక్ష్యము. తెలుగు మిషనును మూసివేయవలెనా యని అమెరికాలో తర్జనభర్జనలు జరుగుచున్న దినములలో, 1854 జనవరి 1వ తేదీ ఉదయమున, మిషనరీలైన లైమన్ జ్యూవెట్ దంపతులును ముగ్గురు తెలుగు విశ్వాసులును, నేడు ప్రార్థన కొండయని మనము పిలుచు ఆ కొండమీద మోకరించి, ఈ సీమకొక సేవకుని పంపుమని వేడుకొనిరి. పండ్రెండేండ్లు గడచినపిమ్మట, 1866లో, జాన్ క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. 1876 మొదలుకొని ఘోరమైన కరవు వచ్చినప్పుడు ఆయన బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్న వేలాదిమందికి పని కల్పించిరి. అయినను కూటికొఱకై మతములో చేరిరను మాట రాకుండుటకై కరవుకాలమున బాప్తిస్మములను ఆపివేసిరి. ఆ పని ముగిసి, సహాయమిక లేదని తెలిసినపిమ్మటను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీ నొక్కదినముననే గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చు చేయి ఆగినపిమ్మటను ఇచ్చినవానిని విడువని యట్టి పూర్వుల సంతతివారము మనము. ఈ సంగతిని నీవు మరువరాదు.

కావున నా సలహా యిది. ప్రతిరాత్రియు పండుకొనబోవుటకు మునుపు, ఆ దినమున పొందిన మేళ్లను రెండుమూడింటినైనను తేదీతో ఒక పుస్తకములో వ్రాయుము. సామాన్యముగా స్తోత్రమని చెప్పి ముగింపక, దేనికొఱకు స్తుతించుచున్నావో పేరుపెట్టి చెప్పుము. దేవుడు ఎవరి చేతులమీదుగా నీకు మేలు చేసెనో వారికిని వందనము చెప్పుము. నీకు అక్షరములు దిద్దించిన బడిపంతులమ్మగారికి ఈ వారమే ఒక ఉత్తరము వ్రాయుము. మొదటి జీతములోనుండి ప్రథమఫలమును మందిరమున అర్పించి, ఇరుగుపొరుగున చదువుకు ఇబ్బందిపడు బిడ్డ యున్నచో ఆ బిడ్డనును ఆదుకొనుము. చేతికి దిగని కృతజ్ఞత నాలుకమీదనే ఆరిపోవును.

దుఃఖదినములు నీకు రావని నేను చెప్పజాలను. మీ పెదనాన్న పిన్నవయసున ప్రభువునొద్దకు పోయినప్పుడు, స్తుతింపుమని మాకెవరును చెప్పలేదు. చెప్పినను ఆ గడియలో మేము వినజాలకపోయెడివారమేమో. ఏడ్చితిమి, ప్రభువునే ప్రశ్నించితిమి. కాని మునుపటి సంవత్సరములలో ఆయన మమ్మును నడిపించిన విధమంతయు జ్ఞాపకమున నిలిచియుండుటచేత, ఆయనను విడిచి పోవుటకు మాకు మనసొప్పలేదు. అంజూరపుచెట్లు పూయకపోయినను, శాలలో పశువులు లేకపోయినను ప్రభువునందు ఆనందింతునన్న హబక్కూకునకు ఆ ధైర్యము, పూర్వము దేవుడు చేసిన కార్యములను తలపోయుటవలననే కలిగినది. నిండుగనున్న యీ దినములలో నీవు వ్రాసిపెట్టుకొను స్మరణములే లేమిదినములలో నీ విశ్వాసమునకు ఆధారమగును. అందుచేత జాగుచేయక నేటి రాత్రియే మొదలుపెట్టుము.

ప్రభువు కృప నీకు తోడైయుండును గాక.

ఇట్లు,
నీ తాతయ్య