పొయ్యిని షెడ్డులోకి పంపకండి

సమస్య

మాది ఒంగోలు. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చి కోవెంట్రీలో స్థిరపడ్డాం. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్తులమే. పాపకు ఆరేళ్లు. అక్కడి ఎర్ల్స్‌డన్ పేటలో నూరేళ్లు దాటిన ఇటుకల ఇల్లు కొన్నాం, వరస ఇళ్లలో ఒకటి. వంటగది ఇంటి వెనకాల ఉంది. పొడుగు 4.2 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు. పాత అరలు ఊడిపోతున్నాయి. అన్నీ తీసేసి కొత్తగా చేయించాలని 15,000 పౌండ్లు కూడబెట్టాం. గొడవ అక్కడే మొదలైంది.

భోజనాల గదికీ వంటగదికీ మధ్య గోడ కొట్టించి, నడుమ ఐలాండ్ (గోడకు ఆనకుండా విడిగా నిలిచే గట్టు) పెట్టి, హ్యాండిళ్లు లేని తెల్లటి తలుపులతో చేయించాలని మావారి కోరిక. ఆర్నెల్ల వీసా మీద వచ్చే అత్తయ్యగారికేమో గ్యాసు పొయ్యే కావాలి, గ్రైండరు ఎప్పుడూ గట్టు మీదే ఉండాలి. ఆవిడ ఐదడుగులు కూడా ఉండరు. ఇక్కడి గట్టు దగ్గర నిలబడి పిండి కలిపితే భుజాలు పట్టేస్తున్నాయంటారు.

నా బాధ వేరు. చలికాలం కిటికీలు తీయలేం. పోపు పెడితే ఘాటు మెట్లెక్కి పాప గది దాకా పోతుంది. హాల్లో తగిలించిన కోట్లకు పట్టేస్తుంది. ఆఫీసులో ఒకావిడ నా పక్కన కూర్చుంటూ "ఇవాళ కర్రీనా?" అని నవ్వింది. అప్పటినుంచి పనిరోజుల్లో పోపు పెట్టాలంటే చెయ్యి రావడం లేదు. "తోటలో షెడ్డు ఉందిగా, మన వంటలు అక్కడ చేసుకుందాం, ఇంట్లో వంటగది నీటుగా ఉంటుంది" అంటున్నారు మావారు. తెలిసినవాళ్లు ఒకరిద్దరు అలాగే చేశారు. మీరేమంటారు?

– ఒక సోదరి, కోవెంట్రీ

సలహా

చెల్లీ, షెడ్డు వద్దు. జనవరిలో నాలుగున్నరకల్లా చీకటి పడే ఊళ్లో, తడిసిన నేల మీద, కాగిన నూనె బాణలి పట్టుకుని అటూ ఇటూ తిరగాల్సింది మీరూ అత్తయ్యగారూ. చెక్క షెడ్డులో పొయ్యి అంటే నిప్పు భయం కూడా. ప్రమాదం మాట పక్కన పెట్టినా, ఇంట్లో అందరూ వెచ్చగా ఒకచోట ఉంటే వండే మనిషి తోట చివర ఒంటరిగా ఉండటం నాకు అసలు సమ్మతం కాదు. మీ పాప ఆవాలు చిటపటలాడటం వింటూ, ఇంగువ వాసన పీలుస్తూ పెరగాలి. మన వంట ఇంట్లోంచి దాచుకోవాల్సిన పని అని ఆ పసిదానికి నేర్పకండి.

కోటుకు వాసన పట్టడం మీ వంట తప్పు కాదు. గాలి బయటికి పోయే దారి లేకపోవడం ఆ ఇంటి లోపం, దాన్ని బాగు చేయించుకోవచ్చు. అందుకే డబ్బు ముందు గాలికి ఖర్చు పెట్టండి, తర్వాత పనికి, ఆ తర్వాత సోకుకు. చాలా ఇళ్లలో ఈ వరస తలకిందులవుతుంది. తలుపులకూ రంగులకూ అంతా అయిపోయి, చివరికి ఏదో ఒక ఫ్యాన్ బిగించి ఊరుకుంటారు.

మనం చిమ్నీ అనేదాన్ని అక్కడ కుకర్ హుడ్ అంటారు. అందులో రెండు రకాలు. ఒకటి గాలిని బొగ్గు ఫిల్టరులో వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. అది మీకు పనికిరాదు. వాసన కొంత తగ్గినా, అన్నం వార్చిన ఆవిరీ పప్పు ఉడికిన ఆవిరీ గదిలోనే ఉండిపోతాయి. మీ ఇంటిలా నూరేళ్లు దాటిన ఇళ్లకు సాధారణంగా ఒంటి ఇటుక గోడలే, మధ్యలో ఖాళీ ఉండదు. ఆవిరి ఆ చల్లటి గోడ మీద నీరై, మూలల్లో నల్లటి బూజు పడుతుంది. కాబట్టి గొట్టం గోడలోంచి బయటికి పోయే రకమే కొనండి. ఇంగ్లండ్ భవన నిబంధనల్లో పార్ట్ ఎఫ్ ప్రకారం పొయ్యి మీద బిగించే హుడ్ సెకనుకు కనీసం 30 లీటర్ల గాలిని బయటికి పంపాలి, అంటే గంటకు 108 ఘనపు మీటర్లు. మిరపకాయల పోపుకు అది చాలదు. దానికి నాలుగైదు రెట్లు లాగేది తీసుకుని నడిమి వేగంలో వాడితే చప్పుడూ తక్కువే. పొయ్యిని పక్కింటితో కలిసిన గోడకు కాకుండా పెరటి వైపు గోడకు పెట్టండి. గొట్టం వంకరలు లేకుండా తిన్నగా బయటికి పోతుంది. పోపు పెట్టే ముందే హుడ్ వేసి, వంటయ్యాక పది నిమిషాలు ఆగి ఆపండి. కోట్లను హాల్లోంచి తీసి తలుపున్న బీరువాలో తగిలించండి.

ఇక గోడ. మీవారికి నా మాటగా చెప్పండి: ఆ గోడ ఉన్నందువల్లే ఘాటు సోఫాల దాకా పోకుండా ఉంది. దాని మీద పై అంతస్తు బరువు ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కలు, ఇనుప దూలం, కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ తనిఖీ అన్నీ కావాలి. మీ డబ్బులో పెద్ద ముక్క అక్కడే పోతుంది. దానికి బదులు వెడల్పాటి జారుడు గాజు తలుపు పెట్టించండి. వెలుతురు వస్తుంది, పాప హోమ్‌వర్క్ చేసుకోవడం కనిపిస్తుంది, పోపు వేళకు మూసుకోవచ్చు.

ఇరుకు గది అని దిగులు పడకండి. 1926లో మార్గరెటె షూట్-లిహోట్జ్‌కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ల కోసం వేసిన వంటగది సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడుగు. అలాంటివి పదివేల దాకా కట్టారు. ఈనాటి అమర్చిన వంటగదులకు అదే మూలం. బియ్యం లాంటి సరుకులకు విడివిడిగా అల్యూమినియం సొరుగులు కూడా పెట్టిందావిడ. అయితే అందులో ఇద్దరు తిరగడానికి చోటు లేదు. మీకు ఆ చిక్కు లేదు. రెండు గోడలకూ 60 సెంటీమీటర్ల గట్లు వేసినా నడుమ 1.2 మీటర్లు మిగులుతుంది. అత్తాకోడళ్లు వీపులు తగలకుండా పని చేసుకోవచ్చు. ఐలాండ్ పెడితే ఆ దారి పోతుంది.

అత్తయ్యగారి భుజాల నొప్పికి మందు కొలతలోనే ఉంది. అక్కడ మామూలుగా 72 సెంటీమీటర్ల పెట్టెకు కింద 15 సెంటీమీటర్ల కాళ్లు, పైన 3 సెంటీమీటర్ల రాయి. మొత్తం 90. కిటికీ దగ్గర ఒక మీటరు మేర 8 సెంటీమీటర్ల కాళ్లు వేయిస్తే 83కు దిగుతుంది. పిండి కలపడం, కూరలు తరగడం అక్కడ. డిష్‌వాషర్‌కు గట్టు కిందే 82 సెంటీమీటర్లు కావాలి, కాబట్టి దాన్ని ఎత్తు వైపు ఉంచండి. గ్రైండరూ మిక్సీ గట్టు మీదే, ప్లగ్గు పక్కనే ఉండాలి. అంత బరువు రోజూ ఎత్తి దించడం ఎవరికైనా కష్టమే. జారు పెట్టిన మిక్సీ ఎత్తు కొలిచాకే పై అరలు బిగించనివ్వండి. కింద తలుపుల అరలకు బదులు లోతైన సొరుగులు వేయిస్తే పది కిలోల బియ్యం సంచి కూడా వంగకుండా చేతికందుతుంది. సింకు ఒకటే తొట్టి, పెద్దది తీసుకోండి. పెనమూ కుక్కరూ అందులో పూర్తిగా మునగాలి.

గ్యాసా, ఇండక్షనా అని ఇప్పుడే వాదులాడుకోకండి. మామూలు ప్లగ్గుకు పెట్టే ఒంటి ఇండక్షన్ పొయ్యి ఒకటి కొని, నెలరోజులు అత్తయ్యగారినే వండమనండి. అయస్కాంతం అంటుకునే గిన్నెలన్నీ పనికొస్తాయి. ఇనుప దోసె పెనం భేషుగ్గా వేడెక్కుతుంది. ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు మాత్రం పనిచేయవు. పచ్చడి వంకాయను ఓవెన్ గ్రిల్ కింద తిప్పుతూ కాల్చుకోవచ్చు. నచ్చితే పెద్దది పెట్టించండి, దానికి ఎలక్ట్రీషియన్ విడిగా లైను లాగాలి. గ్యాసే అనుకుంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లనే పిలవండి. గ్యాసు తీసేయడానికైనా వాళ్లే కావాలి.

ఇప్పుడు మీవారి సోకు. అదీ న్యాయమైన కోరికే, తీర్చండి. పై తలుపులు తెలుపు, కిందివి ముదురు రంగు. పసుపు చేతులతో నొక్కితే మరకలు పడతాయి కాబట్టి హ్యాండిళ్లు ఉండాల్సిందే. గట్టుకు తెల్ల రాయి వద్దు. మీ ఒంగోలుకు కూతవేటు దూరంలోని చీమకుర్తిలో తవ్వే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా ఎగుమతి అవుతుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు. పసుపు మరక కనిపించదు, వేడి గిన్నెకు జంకదు. మీ జిల్లా రాయి మీ గట్టు మీద ఉంటే అంతకన్నా అందం ఏముంటుంది?

డబ్బు కట్టేటప్పుడు అడ్వాన్సు క్రెడిట్ కార్డు మీద ఇవ్వండి. వస్తువు ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద, దుకాణం మాట తప్పినా కార్డు కంపెనీని అడిగే హక్కు మీకుంటుంది.

ముగ్గురూ కూర్చుని ఈ కొలతలు కాగితం మీద గీసుకోండి. గీసేముందు మీవారు వారంరోజులు ఆ పాత వంటగదిలోనే రాత్రి వంట చేయాలి, పోపుతో సహా. గోడ, గొట్టం, గట్టు ఎత్తు ఏది ఎక్కడ ఉండాలో ఆ వారంలో ఆయనకే తెలుస్తుంది.