సొంత మంగలికత్తి: మొదటిసారి కొనువారికి సూచనలు

గడ్డము గీచుకొనుట పరిశుభ్రతకు సంబంధించిన అలవాటు. కాని చర్మముమీద నడచు ప్రతి కత్తియు కంటికి కనబడనంత సన్నని గాట్లను మిగుల్చును. ఆ గాట్లలోని రక్తము బొట్టుగా కనబడకపోయినను కత్తికి అంటుకొనును. మంగలికత్తి కొనదలచినవారు మొట్టమొదట తెలిసికొనవలసిన విషయ మిదియే.

అమెరికాలో కింగ్ జిల్లెట్ అనునతడు పారవేయదగిన బ్లేడు గల రేజరుకు 1904లో పేటెంటు పొందినాడు. అట్టి బ్లేడులు వ్యాపించిన పిదప మంగలికత్తి ఇండ్లనుండి క్రమముగా తొలగినది. ఇప్పుడు కొందరు యువకులు దానిని మరల కోరుచున్నారు. మంచి కత్తి దశాబ్దములు మన్నును, మాటిమాటికి బ్లేడులు కొనుట తప్పును, చెత్త తగ్గును. ఇవి నిజమైన లాభములే. అయితే దశాబ్దములు మన్ను వస్తువు చేతులు మారుట కూడ సులభము. తండ్రి కత్తిని కొడుకు, అన్న కత్తిని తమ్ముడు వాడుట మన యిండ్లలో తప్పుగా ఎంచబడదు. అపాయము అచ్చటనే కలదు.

ఒకరి కత్తి ఒకరికే

హెపటైటిస్-బి అను కాలేయవ్యాధిని కలిగించు వైరసు శరీరము వెలుపల కనీసము 7 దినములు నిలిచి, ఇతరులకు సోకగలదు. అది సోకినవారిలో అనేకులకు ఏండ్ల తరబడి ఏ బాధయు తెలియదు. తెలియునాటికి కాలేయము గట్టిపడియుండవచ్చును, కాన్సరు కూడ కలుగవచ్చును. హెపటైటిస్-సి కూడ రక్తముద్వారా సోకునదే. కనుక “మా యింటివారు ఆరోగ్యముగానే యున్నారు” అను మాట కత్తి పంచుకొనుటకు ఆధారము కానేరదు.

కత్తిని నీటితో కడిగినంతమాత్రమున ఈ వైరసులు నశింపవు. పటిక రక్తమును ఆపునేగాని, కత్తిని శుద్ధిచేయదు. క్లోరిన్ ద్రావణము ఉక్కును తినివేయును. తోలుపట్టెను శుద్ధిచేయుట మరింత కష్టము. కావున కత్తిని, తోలుపట్టెను, పటికను ఎవరివి వారే ఉంచుకొనవలెను.

కత్తిని ఎన్నుకొనుట

క్రొత్తగా నేర్చువారికి అలుగు వెడల్పు అంగుళములో ఎనిమిదింట ఐదు పాళ్ళు, అనగా సుమారు 16 మిల్లీమీటర్లు, అనుకూలము. అంతకంటె వెడల్పైనది ముక్కుక్రింద తిప్పుటకు కష్టము. మొన గుండ్రముగా ఉండవలెను. చదరపు మొన చెవిదగ్గర, పెదవిపైన సులభముగా గుచ్చుకొనును. అలుగు మిక్కిలి పలుచనిదైనచో చేతి ఒత్తిడికి వంగును. కావున మధ్యరకము మేలు.

కార్బన్ ఉక్కు సులభముగా పదునెక్కును, కాని తడి తగిలిన త్రుప్పుపట్టును. స్టెయిన్‌లెస్ ఉక్కు త్రుప్పును ఎక్కువగా తట్టుకొనును, కాని పదునుపెట్టుట కొంత కష్టము. సముద్రతీరమున, తేమగాలిలో నివసించువారు రెండవదానిని తలచుట మంచిది.

క్రొత్త కత్తులన్నియు గడ్డము గీయుటకు తగిన పదునుతో రావు. పదునుపెట్టి సిద్ధముగా ఉన్నదా యని అడిగి తీసికొనవలెను. మొద్దు కత్తిని బలముగా నొక్కుటవలననే గాయములు ఎక్కువగా కలుగును. పాత కత్తి కొనునెడల వాదర వెంట త్రుప్పుగుంటలు గాని, పగుళ్ళు గాని ఉన్నదానిని విడువవలెను.

తక్కిన సామగ్రి

కత్తితోపాటు తోలుపట్టె, కుంచె, సబ్బు, పటిక చాలును. కత్తిని ప్రతిసారి వాడుటకు ముందు తోలుపట్టెపై మెల్లగా నడపవలెను. వెన్ను ముందుగా, వాదర వెనుకగా సాగవలెను. చివర వెన్నుమీదనే త్రిప్పవలెను. లేనిచో పట్టె తెగును, పదును చెడును. మొదటి పట్టెకు గాట్లు పడుట సహజము గనుక తక్కువ వెలది చాలును. సానరాయిని వెంటనే కొననక్కరలేదు. నేర్పుగల వానిచే కొన్ని మాసములకొకసారి సానపట్టించవచ్చును.

అర బ్లేడును అమర్చి వాడు కత్తికి తోలుపట్టె అక్కరలేదు. కాని దాని పదును తీవ్రము, పొరపాటును క్షమింపదు. వాడిన బ్లేడులను గట్టి డబ్బాలో వేసి మూయవలెను; విడిగా పారవేసిన బ్లేడు చెత్త ఎత్తువారి చేతులను కోయును.

నేర్చుకొను క్రమము

గోరువెచ్చని నీటితో ముఖము తడిపి, సబ్బునురుగు బాగుగా పట్టించవలెను. మొదటి వారము చెంపలు మాత్రమే గీచుకొని, గడ్డపుమొన, పైపెదవి, మెడ తరువాతకు విడువవలెను. చర్మమును బిగువుగా పట్టి, కత్తిని సుమారు 30 డిగ్రీల వాలులో, వెండ్రుకలు పెరుగు దిశలోనే, నొక్కక నడపవలెను. పని ముగిసిన పిమ్మట కత్తిని కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరినపిదప పిల్లలకు అందనిచోట ఉంచవలెను.

చేతులు వణకువారు, రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారు, ముఖముపై పుండ్లు లేక మొటిమలు గలవారు మంగలికత్తిని విడిచి విద్యుత్ రేజరును వాడుట మేలు.

మరి రెండు మాటలు

క్షౌరశాలకు పోవువారు, తమ యెదుటనే క్రొత్త బ్లేడు విప్పి అమర్చవలసినదని అడుగవలెను. అట్లడుగుట వృత్తివారిని అవమానించుట కాదు. వారికిని అది రక్షణయే.

హెపటైటిస్-బికి టీకా కలదు. శిశువులకు వేయు టీకాలలో ఇది 2011లో దేశమంతటికి విస్తరింపబడినది. అంతకుముందు పుట్టినవారిలో అనేకులకు ఈ టీకా పడియుండదు; వారు వైద్యుని సలహాతో మూడు మోతాదులు పొందవచ్చును. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ వైద్యశాలలలో హెపటైటిస్ పరీక్ష, చికిత్స ఉచితముగా లభించును. ఇంతకుముందు ఇతరుల కత్తి వాడినవారు భయపడక, ఒకసారి పరీక్ష చేయించుకొనవలెను.

కుమారునికి తొలి గడ్డము వచ్చినపుడు తండ్రి తన కత్తిని ఇచ్చుట ప్రేమయే. కాని అతనికై వేరొక కత్తిని కొని, దానిని పట్టు విధమును దగ్గరనుండి నేర్పుట అంతకంటె గొప్ప ప్రేమ.