లైసెన్సు వేరు, పెట్టుబడి వేరు

కామర్సు, న్యాయశాస్త్రం చదివే మన విద్యార్థులు సమానత్వం, సమన్యాయం అనే మాటలను ఒకే అర్థంలో వాడుతుంటారు. అందరికీ ఒకే నిబంధన పెట్టడం సమానత్వం. ఇంతకాలం నష్టపోయినవారికి అదనపు చేయూతనిచ్చి పోటీలో నిలబెట్టడం సమన్యాయం. ఈ తేడాను రెండు ఉదాహరణలతో తెలుసుకుందాం.

ఓక్‌లాండ్ ఉదాహరణ

అమెరికాలోని కాలిఫోర్నియా ఓటర్లు 2016 నవంబరులో పెద్దల గంజాయి వాడకాన్ని చట్టబద్ధం చేశారు. (మన దేశంలో గంజాయి వ్యాపారం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరమని మరువరాదు.) ఆ రాష్ట్రంలోని ఓక్‌లాండ్ నగర జనాభాలో నల్లజాతివారు సుమారు 30 శాతం. 2015లో అక్కడి గంజాయి అరెస్టుల్లో మాత్రం వారు 77 శాతం. జైలు పేదలకు, లాభం ధనికులకు దక్కడం న్యాయమా అన్న ప్రశ్న తలెత్తింది. అందుకే నగరపాలక సంస్థ 2017లో ఒక పథకం తెచ్చి, తొలి దశ పర్మిట్లలో సగం అర్హులైన స్థానికులకు కేటాయించింది. తక్కువ ఆదాయంతోపాటు, గంజాయి కేసులో శిక్ష పడి ఉండటం గానీ, పోలీసు దాడులు ఎక్కువగా జరిగిన వాడల్లో 20 ఏళ్లలో 10 ఏళ్లు నివసించి ఉండటం గానీ అర్హత. వీరికి వడ్డీలేని రుణాలు కూడా ఏర్పాటు చేశారు. వీరికి మూడేళ్లు ఉచితంగా స్థలమిచ్చిన ఇతర వ్యాపారులకు పర్మిట్లలో ప్రాధాన్యం ఇచ్చారు.

మన పొరుగు ఉదాహరణ

మన నాందేడ్ జిల్లా సరిహద్దు దాటితే తెలంగాణ. అక్కడ 2021లో మద్యం దుకాణాల లైసెన్సుల్లో గౌడులకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వు చేశారు. తరతరాలుగా కల్లు గీసినవారికి సీసా మద్యం వ్యాపారంలో వాటా ఉండాలన్నది గౌడుల కేటాయింపు వెనుక ఆలోచన. 2023లో 2,620 దుకాణాలకు గాను 786 ఇలా కేటాయించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 340 దుకాణాలను గీత కులాలకు కేటాయించారు. వారికి లైసెన్సు రుసుము సగమే.

ఇక లెక్క చూద్దాం

2023లో తెలంగాణలో వచ్చిన దరఖాస్తులు 1.31 లక్షలకు పైగా. అంటే దుకాణానికి సగటున 50 దరఖాస్తులు. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు. అవి తిరిగి రావు. 50 దరఖాస్తుల్లో ఒకదానికి దుకాణం, మిగతా 49 దరఖాస్తులకు 2 లక్షల చొప్పున నష్టం. లాటరీ తగిలినా, 5 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లోని దుకాణానికే ఏడాది రుసుము 50 లక్షలు. సరుకు, అద్దె, జీతాలు దీనికి అదనం.

గీత కార్మికుని దగ్గర ఇంత సొమ్ము ఎక్కడిది? ఇక్కడే పెట్టుబడిదారుడు ప్రవేశిస్తాడు. “పేరు నీది, డబ్బు నాది” అంటాడు. లాభం అతనికి, నెలకింత అని కొంత మొత్తం పేరున్నవారికి. ఓక్‌లాండ్‌లోనూ ఇలాంటి ఒప్పందాల గురించి ఫిర్యాదులు వచ్చాయి.

సంతకం విలువ

భారత భాగస్వామ్య చట్టం, 1932, సెక్షన్ 25 ప్రకారం సంస్థ అప్పులకు ప్రతి భాగస్వామీ ఇతరులతో కలిసీ, విడిగానూ బాధ్యుడు. లాభంలో వాటా పదోవంతే అయినా, అప్పు మొత్తం అతని దగ్గరే వసూలు చేయవచ్చు. అప్పుడు ఇల్లూ పొలమూ పోవచ్చు. కాబట్టి మీ ఇంట్లోగానీ, బంధువుల్లోగానీ ఎవరినైనా పేరు అరువడిగితే, ఒప్పంద పత్రం మీరే చదివి పెద్దలకు అర్థం వివరించండి. చదువుకున్న పిల్లలు ఇంటికి చేయగల మొదటి సేవ ఇదే.

రిజర్వేషను తలుపు తెరుస్తుంది. లోపలికి నడవడానికి పెట్టుబడి, సమాచారం, సలహా కావాలి. కళాశాలలో సీటు వచ్చినా హాస్టలు ఖర్చుకు ఉపకారవేతనం అవసరమైనట్లే ఇదీ.

ఆలోచించండి

1. దరఖాస్తు రుసుము తగ్గించడం, వడ్డీలేని రుణమివ్వడం – వీటిలో పేదవారికి ఏది ఎక్కువ మేలు? ఎందుకు?
2. పై లెక్కలో 50 దరఖాస్తులకు కలిపి చెల్లించిన మొత్తం రుసుము ఎంత?