ధర తగ్గించినా దక్కని టెండరు

సమస్య

రాయ్‌పూర్ శివారులోని ఉర్ల పారిశ్రామిక ప్రాంతంలో ఉక్కు ఫ్యాబ్రికేషన్ యూనిట్, అంటే యాంగిళ్లను, పలకలను కోసి వెల్డింగ్ చేసి మెట్లు, ప్లాట్‌ఫారాలు, ర్యాకులు తయారుచేసే చిన్న కర్మాగారం నడుపుతున్న పాఠకుడు ఒకరు ఈ శీర్షికకు లేఖ రాశారు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన కుటుంబం వారిది. ప్రభుత్వ రంగ సంస్థలకు వేసిన టెండర్లు సాంకేతిక పరిశీలనలోనే తిరస్కరణకు గురవుతూ వచ్చాయి. చివరికి ధర బాగా తగ్గించి దక్కించుకున్న ఒక ఆర్డరులో నష్టం కనిపిస్తోంది. లోపల మనిషి లేనిదే పని జరగదని తమ్ముడు వాదిస్తుండగా, తదుపరి టెండరు డిపాజిట్ కోసం నగలు తాకట్టు పెట్టడానికి భార్య ఒప్పుకోవడం లేదు. ధర ఇంకా తగ్గించాలా, టెండర్లనే వదిలేయాలా అన్నది వారి ప్రశ్న.

సలహా

ఈ రెండూ అవసరం లేదు. రెండు కవర్ల పద్ధతిలో అర్హత పత్రాలు ఒక కవరులో, ధర మరొక కవరులో ఉంటాయి. మొదటిది నెగ్గనిదే రెండోది తెరవరు కనుక, సాంకేతిక పరిశీలనలో ఆగిపోయిన టెండర్లలో లేఖకుడు కోట్ చేసిన ధరను ఎవరూ చూసి ఉండరు. చూడని ధర ఎక్కువని భావించి తరువాతి టెండరులో దానిని కోయడమే నష్టానికి దారితీసింది.

సాంకేతిక కవరులో సాధారణంగా లోపించేది పనితనం కాదు, దానికి ఆధారం. గతంలో ఇలాంటి పని చేసి ఉండాలన్న షరతుకు పర్చేజ్ ఆర్డరు నకలు జతచేస్తే, పని దక్కిందని తెలుస్తుందే తప్ప పూర్తయిందని రుజువు కాదు. ఆర్డరు సంఖ్య, పూర్తయిన తేదీ, బిల్లు విలువ మూడూ ఉన్న కంప్లీషన్ సర్టిఫికెట్ కావాలి. టర్నోవరుపై చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే ధ్రువపత్రం మీద యూడిన్ సంఖ్య, అంటే ఆ పత్రం అసలుదో కాదో సరిచూసుకునేందుకు 2019 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేసిన గుర్తింపు సంఖ్య, ఉండాలి. టెండరులోని ప్రతి క్లాజు సంఖ్యకు ఎదురుగా జవాబును, ఆధారం ఉన్న పేజీ సంఖ్యను చూపే పట్టికను మొదటి పేజీలోనే పెట్టాలి. కట్టలకొద్దీ కాగితాలు తిరగేసే అధికారికి వెతుకులాట తప్పించడంకన్నా మేలైన సిఫారసు లేదు. టెండరు వెలువడ్డాక షరతులను మారుస్తూ వచ్చే కొరిజెండంలను గడువు చివరి రోజున మరోసారి సరిచూడాలి.

డిపాజిట్ విషయంలో భార్య మాటే సరైనది. టెండరు విలువలో సాధారణంగా 2 నుంచి 5 శాతం వరకు అడిగే ఈఎండీ, అంటే బిడ్డరు వెనక్కి తగ్గకుండా ముందుగా తీసుకునే ధరావతు, చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తరహా ఉత్పత్తిదారులకు కేంద్ర సంస్థల కొనుగోళ్లలో మినహాయింపు. 2012 నాటి కొనుగోలు విధానం ప్రకారం, చిన్న సంస్థ ధర అతి తక్కువ ధరకు 15 శాతం లోపు తేడాలో ఉండి, ఆ తక్కువ ధర సూక్ష్మ, చిన్న తరహా కాని సంస్థది అయితే, అదే ధరకు ఒప్పుకొని ఆర్డరులో కనీసం 25 శాతం పొందే వీలుంది. అయితే ఈ విధానం వస్తువులకు, సేవలకు వర్తిస్తుంది కాని వర్క్స్ కాంట్రాక్టులకు కాదు; సైటులో నిర్మించి బిగించే పని ఏ కోవలోకి వస్తుందో టెండరు వేయకముందే అడిగి తెలుసుకోవాలి. ఛత్తీస్‌గఢ్ మంత్రివర్గం 2024 జులైలో రాష్ట్ర శాఖల కొనుగోళ్లను జెమ్ పోర్టల్, అంటే ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ వేదిక, ద్వారా జరపాలని నిర్ణయించింది కనుక, ర్యాకులు, అల్మారాల వంటి సరుకుకు ఆ దారినీ పరిశీలించాలి.

ధర కట్టేటప్పుడు ఉక్కు బరువు, కోతలో పోయే తరుగు, పెయింటింగ్, తనిఖీ, రవాణా మాత్రమే లెక్కిస్తే చాలదు. ఉదాహరణకు 20 లక్షల రూపాయల ఆర్డరులో ఒప్పందం ప్రకారం పని చేస్తామన్న హామీగా ఉంచే 5 శాతం పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ కింద లక్ష రూపాయలు వారంటీ తీరేదాకా ఇరుక్కుపోతాయి. బిల్లు మూడు నెలలు ఆలస్యమైతే ఏటా 12 శాతం వడ్డీ చొప్పున మరో 60 వేలు పోతాయి. ఇవి కలిపాక లాభం మిగలని టెండరును వేయకపోవడమే మంచిది.

లోపల మనిషి ఉండాలన్న తమ్ముడి మాటను అంగీకరించకూడదు; లంచం నేరం, పైగా లేని కాగితాన్ని అది సృష్టించదు. అన్యాయం జరిగిందని అనిపిస్తే, బిడ్ తిరస్కరణను ప్రశ్నించే వీలు టెండరు పత్రంలోనే ఉండాలని 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలోని 173వ నియమం చెబుతోంది. గడువులోపు కారణాన్ని రాతపూర్వకంగా అడగాలి.

ఇక చేతిలో ఉన్న నష్టపు ఆర్డరును మధ్యలో వదలకూడదు. వదిలితే సెక్యూరిటీ జప్తు కావడమే కాక, ఆర్డరు ఇచ్చిన సంస్థ టెండర్లలో పాల్గొనకుండా నిషేధానికి గురయ్యే ప్రమాదమూ ఉంటుంది. ధరల హెచ్చుతగ్గుల క్లాజు ఉన్నదేమో చూసి, జాప్యం తప్పదనుకుంటే సరఫరా తేదీ దాటకముందే గడువు పొడిగింపును లిఖితపూర్వకంగా కోరాలి. సరుకు అందుకున్న సంస్థ 45 రోజులు దాటినా చెల్లించకపోతే, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం కింద వడ్డీతో సహా బకాయిని కోరవచ్చు. పని ముగిశాక కంప్లీషన్ సర్టిఫికెట్‌ను మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకోవాలి.