ఎవరి ఫౌల్ వాళ్లే చెప్పాలి

సందేహాలు – సమాధానాలు: క్యారమ్స్ లీగ్

వానలు మొదలయ్యాయంటే సికింద్రాబాద్‌లో క్యారం బోర్డులు అటక దిగుతాయి. రైల్వే క్వార్టర్ల వరండాల్లో, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఆదివారం లీగ్‌లు మొదలవుతాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కట్ షాట్ ఎలా కొట్టాలని అడిగినవాళ్లు తక్కువ, వచ్చిన పేచీ ఎలా తీర్చాలని అడిగినవాళ్లే ఎక్కువ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం లీగ్ నియమాలకూ మర్యాదలకూ ఇచ్చేస్తున్నాను.

సార్, మా క్వార్టర్లలో డబుల్స్ లీగ్ పెట్టాం. సగం మంది రెడ్‌కు 50, తెల్లకు 20, నల్లకు 10 లెక్కన ఆడేవాళ్లు. మిగతావాళ్లు తెలుపు, నలుపు పంచుకొని ఆడేవాళ్లు. మొదటి వారమే గొడవ. ఏ రూల్స్ పెట్టుకోమంటారు?
– ఓ రైల్వే ఉద్యోగి, మెట్టుగూడ

50-20-10 ఆట ఇంట్లో పిల్లలతో ఆడుకోవడానికి బాగుంటుంది. లీగ్‌కు మాత్రం అంతర్జాతీయ క్యారం సమాఖ్య నియమాలే పెట్టుకోండి. 1988లో చెన్నైలో పుట్టిన ఆ సమాఖ్య నియమాలతోనే ప్రపంచ పోటీలూ జరుగుతాయి. మీ క్వార్టర్ల కుర్రాడు రేపు జిల్లా పోటీకి వెళితే కొత్తగా నేర్చుకోవాల్సింది ఉండదు.

తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, ఒక క్వీన్ (మీరు రెడ్ అన్నది దీన్నే). బ్రేక్ చేసినవాళ్లకు తెల్లవి. ముందుగా తమ కాయిన్లన్నీ వేసినవాళ్లది బోర్డు. ఎదుటివాళ్లవి ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు, క్వీన్‌ను తామే కవర్ చేసి ఉంటే ఇంకో 3. ముందు 25 పాయింట్లు చేసినవాళ్లదే గేమ్. ఎనిమిది బోర్డులయ్యేసరికి ఎవరూ 25 చేరకపోతే అప్పటికి ఎక్కువ పాయింట్లున్నవాళ్లు గెలిచినట్టు.

పేచీ ఎక్కువగా వచ్చేది క్వీన్ దగ్గరే. సొంత కాయిన్ ఒకటైనా వేశాకే క్వీన్ జోలికి వెళ్లాలి. వేశాక వెంటనే తర్వాతి షాట్‌లో సొంత కాయిన్‌తో కవర్ చేయాలి. కవర్ పడకపోతే క్వీన్ తిరిగి నడిమధ్యకు వస్తుంది. క్వీన్, సొంత కాయిన్ ఒకే షాట్‌లో పడితే కవర్ అయినట్టే. ఇక చాలామందికి తెలియనిది ఇంకోటుంది. మీ స్కోరు 21 దాకా ఉన్నప్పుడే క్వీన్ పాయింట్లు కలుస్తాయి. మీరు 22 మీద ఉండి, ఎదుటివాళ్లవి రెండు కాయిన్లు మిగలగా బోర్డు గెలిచారనుకోండి. క్వీన్ మీరే కవర్ చేసినా మీకు వచ్చేది 2 మాత్రమే, స్కోరు 24. గేమ్ అయిపోయిందని లేచి చేతులు దులుపుకుంటే కుదరదు, ఇంకో బోర్డు ఆడాల్సిందే. ఆఖరి వారంలో ఈ రూల్ చెబితే ఎవరూ ఒప్పుకోరు. మొదటి రోజే తెలుగులో ఒక కాగితం మీద రాసి, బోర్డు దగ్గర గోడకు అంటించండి.

అన్నా, మొన్న నేను కొట్టిన షాట్‌లో నా కాయిన్ పడింది, వెనకాలే స్ట్రైకర్ కూడా పడింది. ‘చాన్స్ పోయింది, కాయిన్ కూడా తియ్యి’ అన్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, పద్మారావునగర్

సగం నిజం, సగం తప్పు. పడిన కాయిన్ బయటికి తీయాలి, దానికి తోడు పెనాల్టీగా ఇంకొకటి తీయాలి. కానీ చాన్స్ మాత్రం మీదే, ఆట కొనసాగించొచ్చు. స్ట్రైకర్ ఒక్కటే పడితే ఒక కాయిన్ తీయాలి, చాన్స్ పోతుంది.

తీసిన కాయిన్లను బోర్డు మీద పెట్టే హక్కు ఎదుటివాళ్లది. నడిమధ్యనున్న పెద్ద వృత్తంలో వాళ్లకు నచ్చిన చోట పెట్టొచ్చు. మీకు చిక్కుగా ఉండేచోట పెడతారు, అది ఆటలో భాగమే. ఇక్కడ మీరు పాటించాల్సిన మర్యాద ఒకటే. పెనాల్టీ కాయిన్‌ను అడిగించుకోకుండా మీరే తీసి ఎదుటివాళ్ల చేతికివ్వండి. మూడుసార్లు అడిగించుకొని నాలుగోసారి విసురుగా బోర్డు మీద పడేసే వాళ్లతో ఎవరికీ ఆడాలనిపించదు.

మా లీగ్‌లో అంపైర్ లేడు. పోయిన ఆదివారం సెమీఫైనల్లో షాట్ కొట్టాక నా చొక్కా చెయ్యి తగిలి నల్ల కాయిన్ ఒకటి కొద్దిగా కదిలింది. ఎవరూ చూడలేదు. నేనూ చెప్పలేదు. మేం గెలిచాం. అప్పటినుంచి మనసు మనసులో లేదు.
– పేరు రాయవద్దన్న పాఠకుడు, వారాసిగూడ

మీరు ఉత్తరం రాసినందుకే మీ మీద నాకు గౌరవం కలిగింది. ఆలస్యమైనా చెప్పేయండి. ఫలితం మారాలా వద్దా అన్నది ఆ జట్టూ నిర్వాహకులూ తేల్చుకుంటారు. ఫైనల్‌కు ముందే చెప్పడం ముఖ్యం.

అంపైర్లున్న పోటీల్లో తప్పు పట్టడం అంపైర్ పని. చెయ్యి బాణం గీత దాటినా, స్ట్రైకర్ బేస్‌లైన్ రెండు గీతలనూ తాకకపోయినా ఆయన చూస్తాడు. కాలనీ లీగ్‌లో ఆ కళ్లు లేవు. కాయిన్ కదిలిన సంగతి మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే ప్రతి కాలనీ లీగ్ రూల్స్ కాగితంలో మొదటి వాక్యంగా ‘ఎవరి ఫౌల్ వాళ్లే చెప్పాలి’ అని రాయమంటాను. ఇంకొకరి ఫౌల్ మీరు చూస్తే గట్టిగా అరవకుండా, ‘ఒకసారి చూసుకోండి’ అని అడగండి. ఆయన ‘తగల్లేదు’ అంటే ఆ మాటే ఆఖరు. అలా కాకుండా ప్రతి షాట్‌కూ ఫోన్లో వీడియో తీసి సాక్ష్యాలు వెతకడం మొదలుపెడితే, మూడు వారాల్లో ఆ లీగ్‌లో ఆటకంటే పంచాయితీలే ఎక్కువవుతాయి.

మా అమ్మాయి కాల్గరీలో ఉద్యోగం చేస్తోంది. ఆఫీసు స్నేహితులతో కర్లింగ్ లీగ్‌లో చేరిందట. మంచు మీద రాయి తోసి, దాని ముందు చీపుర్లతో ఊడుస్తారట! వీడియో కాల్‌లో చూస్తే మన క్యారమ్స్ గుర్తొచ్చింది. అక్కడ అమ్మాయి ఎలా మసలుకోవాలో చెప్పగలరా?
– ఓ తల్లి, వెస్ట్ మారేడ్‌పల్లి

మీకు క్యారమ్స్ గుర్తురావడం సహజమే, రెండూ దగ్గరి చుట్టాలే. స్కాట్లాండ్‌లో పుట్టిన ఆట ఇది. 1998 నాగానో శీతాకాల ఒలింపిక్స్ నుంచి పతకాల క్రీడ. మన స్ట్రైకర్ బరువు 15 గ్రాములు మించకూడదు, వాళ్ల గ్రానైట్ రాయి దాదాపు 20 కిలోలు. బోర్డు ఏమో 45 మీటర్ల పొడవున్న మంచు బాట. జట్టుకు నలుగురు, ఒక్కొక్కరికి రెండు రాళ్లు. అవతలి చివర గీసిన వృత్తాల నడిమధ్యకు ఎవరి రాయి దగ్గరగా ఆగితే ఆ రౌండు వాళ్లది. ఊడవడం శుభ్రత కోసం కాదు. ఆ రాపిడికి మంచు పైపొర కొద్దిగా వేడెక్కి, రాయి ఇంకొంచెం దూరం, ఇంకొంచెం తిన్నగా పోతుంది.

అమ్మాయికి ఇవి చెప్పండి. ఆటకు ముందూ తర్వాతా ఎదుటి జట్టులో అందరితో చేతులు కలపాలి. ఎదుటివాళ్లు రాయి వదిలేటప్పుడు కదలకుండా, మాట్లాడకుండా నిలబడాలి. బయట తిరిగిన బూట్లతో మంచు మీదికి వెళ్లకూడదు, ఒక్క ఇసుక రేణువు చాలు రాయి దారి తప్పడానికి. ఎదుటివాళ్ల గురి తప్పితే చప్పట్లు కొట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కదులుతున్న రాయికి తన చీపురో కాలో తగిలితే ఎవరూ అడగకముందే తనే చెప్పేయాలి. కర్లింగ్ నియమావళిలో ‘కర్లింగ్ స్ఫూర్తి’ అని ఒక భాగమే ఉంది. తప్పుగా గెలవడం కంటే ఓడిపోవడమే మేలని అందులో నేరుగా రాసుకున్నారు. వారాసిగూడ మిత్రుడు కూడా ఇది చదవాలి.

ఇంకో ఆచారం నాకు మరీ ఇష్టం. ఆట అయ్యాక రెండు జట్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి. చాలా క్లబ్బుల్లో గెలిచినవాళ్లే ఓడినవాళ్లకు ఏదైనా తాగడానికి ఇప్పిస్తారు. మన లీగ్‌ల్లో మాత్రం ‘ఓడినోళ్లే చాయ్ ఇప్పించాలి’ అంటారు. దీన్ని మార్చేద్దాం. ఓడిన బాధలో ఉన్నవాడి జేబుకు చిల్లు పెట్టడమెందుకు? గెలిచిన జట్టు నాలుగు ఇరానీ చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు తెప్పిస్తే ఎంత బాగుంటుంది!

బొటనవేలితో కొడితే చీటింగ్ అంటున్నారు. – పదో తరగతి, సీతాఫల్‌మండి

కాదు. అంతర్జాతీయ నియమాల ప్రకారం బొటనవేలి షాట్ చెల్లుతుంది. నెట్టకుండా కొట్టాలి, అంతే. ఇళ్లల్లో పెద్దవాళ్లు వద్దనేది అలవాటు కొద్దీ మాత్రమే.

ఈ తేమకు బోర్డు అస్సలు జారడం లేదు. ముఖానికి రాసుకునే పౌడర్ చల్లితే ఇంకా జిగటయింది. ఏం చేయాలి?
– అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, తార్నాక

ముఖం పౌడర్ వద్దు. అది తేమతో కలిసి బోర్డుకు పట్టేస్తుంది. క్యారమ్స్ కోసం అమ్మే బోరిక్ పౌడరే వాడండి, అదీ చిటికెడు. తెల్లగా పేరుకునేలా చల్లితే కాయిన్ అంచుకు పట్టి ఆగిపోతుంది. చల్లిన తర్వాత చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి. తడిగుడ్డ బోర్డును తాకనే కూడదు, పొడి నూలుగుడ్డతోనే తుడవాలి. ఆటకు అరగంట ముందు బోర్డుపైన బల్బు వెలిగించి ఉంచితే చెమ్మ కొంత తగ్గుతుంది. ఆట మధ్యలో పౌడర్ చల్లాలంటే ఎదుటివాళ్లను అడిగి చల్లండి.

చాయ్ గ్లాసు ఫ్రేమ్ మీద పెట్టేవాళ్ల గురించి కూడా మీ ఉత్తరంలో రాశారు. దీన్ని ఏమాత్రం ఉపేక్షించొద్దు. ఒక్కసారి ఒలికితే ప్లైవుడ్ ఉబ్బుతుంది, ఇక ఆ చోట స్ట్రైకర్ ప్రతిసారీ వంకరగానే పోతుంది.

మా లీగ్‌లో ఆడవాళ్లం మూడు జట్లున్నాం. మగవాళ్లు మాతో ఆడేటప్పుడు ‘ఆంటీ, ఇంకోసారి కొట్టండి’ అని చాన్సులు వదిలేస్తున్నారు. పెద్ద మనసే కావచ్చు, కానీ మాకు నచ్చడం లేదు.
– గృహిణి, బోయిన్‌పల్లి

నచ్చకపోవడమే న్యాయం. మీ ఉత్తరం ఆ లీగ్‌లో అందరూ చదవాలనే ఇక్కడ వేస్తున్నాను. పెద్దల ఆటలో అడగని రాయితీ ఎదుటివాళ్లను తక్కువ చేయడమే. మహిళల ప్రపంచ టైటిల్ గెలిచిన ఎస్.అపూర్వ మన హైదరాబాద్ క్రీడాకారిణి. 2024లో అమెరికాలో జరిగిన ప్రపంచకప్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన ఖాజిమా చెన్నైలో ఆటో డ్రైవర్ కూతురు. ఆ బోర్డుల దగ్గర ఎవరూ ఎవరికీ చాన్సులు వదల్లేదు. ఈసారి ‘ఇంకోసారి కొట్టండి’ అంటే స్ట్రైకర్ వాళ్ల వైపు జరిపి, ‘మీ చాన్స్ మీరు ఆడండి, బాబూ’ అనండి. అలా రెండు ఆదివారాలు చేస్తే మానేస్తారు.

ఎంట్రీ ఫీజు వంద. అది కాక బోర్డుకు ఇంత అని పందెం వేద్దామంటున్నారు. తప్పా?
– చిరు వ్యాపారి, జనరల్ బజార్

ఫీజు తీసుకోండి. బోర్డు, పౌడర్, బల్బు, కప్పు, వీటికి ఎంత ఖర్చయిందో లెక్క గోడ మీద పెట్టండి. పందెం మాత్రం వద్దు.

ఈ ప్రశ్నకు మన సికింద్రాబాద్‌లోనే పాత చరిత్ర ఉంది. 1963లో ఇక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేసి, డబ్బుతో రమ్మీ ఆడుతున్నవాళ్ల మీద కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనని, సభ్యుల నుంచి ఖర్చులకు రుసుము తీసుకున్నంత మాత్రాన క్లబ్బు జూదశాల అయిపోదని 1967లో కోర్టు తేల్చింది. ఆ తీర్పును ఇప్పటికీ దేశమంతా ఉదహరిస్తారు. అయితే దాని ధైర్యంతో పందేలకు దిగకండి. 2017లో తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆటల మీద పట్టు బిగించింది. చట్టం అటుంచి, డబ్బు పెట్టిన బోర్డు మీద ‘నా చెయ్యి తగిలింది’ అని చెప్పేవాళ్లు ఎందరుంటారు?

మా జట్టులో ఇద్దరం లోకో పైలట్లం. డ్యూటీ ఎప్పుడు పడుతుందో తెలియదు. రెండుసార్లు వాకోవర్ ఇచ్చాం. లీగ్ నుంచి తప్పుకోమంటారా?
– రన్నింగ్ స్టాఫ్, చిలకలగూడ

తప్పుకోవద్దు. రైల్వే ఊళ్లో లీగ్ నడిపేవాళ్లు రైల్వే డ్యూటీకి తగ్గట్టు రూల్స్ రాసుకోవాలి. ప్రతి జట్టుకూ మూడో ఆటగాణ్ని ముందే నమోదు చేయించండి. డ్యూటీ పడగానే గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే ఆ మ్యాచ్ గురువారం రాత్రిలోగా ఎప్పుడైనా ఆడుకునే వీలివ్వాలి. మెసేజ్ లేకుండా పావుగంట దాటితే ఒక బోర్డు పోయినట్టు, అరగంట దాటితే వాకోవర్. మూడో ఆటగాడు లీగ్‌లో ఇంకో జట్టువాడు కాకూడదు. ఫైనల్‌కు కొత్తవాణ్ని దింపకూడదు, అంతకుముందు కనీసం రెండు మ్యాచ్‌లు ఆడినవాడై ఉండాలి. రాత్రి పది దాటాక మ్యాచ్ పెట్టుకుంటే బోర్డు కింద దుప్పటి మడిచి వేయండి, కింది ఫ్లోర్‌లో తెల్లవారుజామున డ్యూటీకి లేవాల్సినవాళ్లు నిద్రపోతుంటారు.