‘సినిమా బండి’ – ఒక పరిశీలన

మన తెలుగువాళ్ళకి సినిమా మీదున్న మోజు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. వరాహ నది ఉత్తరవాహినిగా పారే మా బలిఘట్టంలో శివరాత్రినాడు బ్రహ్మలింగేశ్వరస్వామి కోవెలకు జనం ఎలా కదులుతారో, నర్సీపట్నంలో పెద్ద హీరో సినిమా పడితే హాలు దగ్గరికీ అలాగే కదులుతారు. ఈ ప్రాంతంనుంచి వెళ్ళిన పూరి జగన్నాథ్ పేరున్న దర్శకుడయ్యాక, మనమూ సినిమా తియ్యగలమన్న ఊహ కుర్రాళ్ళకి కలగడం సహజమే. కాని దానికి హైదరాబాదు వెళ్ళి తీరాలనే నమ్మకం మాత్రం పోలేదు. ఊళ్ళోనే ఉండి, ఊరివాళ్ళతోనే సినిమా తీస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకి నవ్వుతూ నవ్విస్తూ జవాబు చెప్పిన చిత్రం ‘సినిమా బండి’.

ఇది 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగులకి ఇదే తొలి చిత్రం. రచన వసంత్ మరింగంటి. నిర్మాతలు రాజ్, డీకేలు తిరుపతిలో ఇంజనీరింగు చదివి, అమెరికాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేస్తూనే సొంతంగా సినిమా నేర్చుకున్నవాళ్ళు. వారి మొదటి చిత్రం ‘ఫ్లేవర్స్’ 2003లో వచ్చింది. అంటే ఔత్సాహికుల కథకి డబ్బు పెట్టినవాళ్ళు కూడా ఒకనాటి ఔత్సాహికులేనన్నమాట!

కథ చిన్నది. ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు పల్లె గొల్లపల్లిలో వీరబాబు ఆటో తోలుతుంటాడు. ఒకరోజు ఆటోలో ఎవరో ఖరీదైన కెమెరా మర్చిపోయి వెళ్తారు. చిన్న సినిమాలు కోట్లు గడిస్తున్నాయని టీవీలో విన్న వీరబాబు, మనమూ ఒకటి తీసి ఆ డబ్బుతో ఊరిని బాగుచేద్దామనుకుంటాడు. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే గణపతి ఛాయాగ్రాహకుడు. క్షవరం చేసే మరిడయ్య ‘మరిడేశ్’ అనే హీరో. కూరగాయలమ్మే మంగ హీరోయిన్. ఇక చూడాలి వాళ్ళ పాట్లు!

ఇక్కడ హాస్యం ఎలా పుడుతుందో గమనించాలి. పల్లెటూరివాళ్ళని వెర్రిబాగులవాళ్ళుగా చూపించి నవ్వించడం మన సినిమాలకి పాత అలవాటు. ఈ చిత్రం ఆ పని చెయ్యదు. వాళ్ళ అజ్ఞానానికి కాదు, వాళ్ళ శ్రద్ధకి మనం నవ్వుతాం. మరిడేశ్ తన హీరో హోదాని ఎంత గట్టిగా నమ్ముతాడో చూస్తే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. మంగ అయితే ఎవరు తేలిక చేసినా ఊరుకోదు. ఆమె రాకతో సినిమాకే ఒక బరువొచ్చింది.

హాస్యంతో పాటు ఒక పాఠం కూడా ఉంది. సినిమాలో దృశ్యాలు కథ నడిచే వరసలో తియ్యరు. నిన్న సగం, నేడు సగం తీస్తారు. నిన్నటి చొక్కా ఇవాళ మారితే తెరమీద అతుకు కనబడుతుంది. దీన్నే ‘కంటిన్యూటీ’ అంటారు. ఆ తప్పు పట్టేది ఎవరో అనుకుంటారేమో, షూటింగు చూడ్డానికొచ్చిన ఒక చిన్న పిల్లాడు! చూసే కన్నుంటే వయసుతో పనేముంది?

ఇలాంటి ప్రయత్నం ఒకప్పుడు ఎందుకు సాధ్యపడలేదో కూడా ఆలోచించాలి. సెకనుకి 24 చొప్పున బొమ్మలు పడే 35 మిల్లీమీటర్ల ఫిలిం వెయ్యి అడుగులు కొంటే వచ్చేది సుమారు 11 నిమిషాలు. పాడైన షాటుకీ డబ్బు పోవలసిందే. పైగా ల్యాబులో కడిగితేగాని ఏం తీశామో తెలిసేది కాదు. డిజిటల్ కెమెరా ఆ భయం తీసేసింది. తప్పుపోతే చెరిపేసి మళ్ళీ తీసుకోవచ్చు. వీరబాబులాంటివాళ్ళు తడబడుతూ నేర్చుకునే వీలు అందువల్లే కలిగింది.

అయితే అసలు చిక్కు ఇంకోటుంది. ఆ కెమెరా వీరబాబుది కాదు. దాని సొంతదారు సింధు దానికోసం తిరుగుతూనే ఉంటుంది. ఊరి మేలు కోరే మనిషి, పరాయి వస్తువుని దేవుడిచ్చిన వరమనుకోవడం న్యాయమేనా? మన కల నిలబడ్డానికి ఇంకొకరి బతుకుతెరువు పడిపోతే ఆ కలకి విలువేముంది? వీరబాబుది దొంగబుద్ధి కాదు, నిజమే. కాని మంచి మనసు తప్పుని ఒప్పు చెయ్యదు. దర్శకుడు సింధు వైపు నష్టాన్ని చూపించాడు గాని, ముగింపులో ఆమె ఆదరణతో ఆ లెక్క తేలిగ్గా సర్దేశాడనిపిస్తుంది. ఈ చిత్రంలో నాకు లోపంగా తోచింది ఇదొక్కటే. అయినా వాళ్ళు తీసింది చూసి ఆమె మనసు కరగడం అబద్ధమనిపించదు. ఆ ముక్కల్లో ఉన్నది ఊరి జీవితం మరి.

ఇలాంటి సాహసం మనకి బొత్తిగా కొత్త కాదు. 2018లో వెంకటేశ్ మహా విశాఖ కంచరపాలెం మనుషుల్నే నటులుగా పెట్టి ‘కేరాఫ్ కంచరపాలెం’ తీశారు. మహారాష్ట్రలోని మాలేగావ్‌లో మరమగ్గాల మధ్య బతికే కుర్రాళ్ళు ‘షోలే’ని తమ పద్ధతిలో తీసుకుని తమవాళ్ళకే చూపించుకున్నారు. అందరికీ తెలిసిన హీరో వేషంలో తమ వీధి మనిషిని చూసుకోవడం వాళ్ళకి పండగే.

ఇవాళ మనలో చాలామంది జేబులో కెమెరా ఉన్న ఫోనుంది. వీరబాబుకున్న ఇబ్బంది మనకి లేదు, పరాయి సొమ్ము ముట్టక్కర్లేదు. మరి మనం తీస్తున్నదేమిటి? హీరోల నడకలు, వాళ్ళ డైలాగులూ. వరాహ ఒడ్డున తెల్లారగట్ల ఎవరు ఏ పనికి పోతున్నారో, సంతకి కూరగాయలు తెచ్చే అమ్మ ఏం మాట్లాడుతోందో ఎవరైనా తీశారా? గొల్లపల్లివాళ్ళ సినిమా గొప్పగా కుదరకపోవచ్చు. కాని తెరమీద తమ ఊరిని తాము చూసుకున్నారు. ఆ పని మన బలిఘట్టంలోనూ జరగాలి. దానికి కావలసిన పరికరం చేతిలో ఉంది. కూడివచ్చే నలుగురు స్నేహితులూ, కాస్త సిగ్గు విడిచే ధైర్యమూ ఉంటే చాలు.