ఆరేళ్ళు ఆగితేనే ఆ వైనుకు విలువ

ఆవకాయ జాడీలో నూనె తగ్గి పైన తెల్లబూజు కట్టిందంటే ఇంట్లో కంగారు పడతారు. ఫ్రాన్సు దేశం తూర్పున జురా కొండప్రాంతపు రైతులు మాత్రం తమ వైను పీపాల్లో తెల్లపొర ఎప్పుడు కడుతుందా అని చూస్తారు. ఆ పొర కింద తయారయ్యేదే 'వాన్ జోన్', అంటే పసుపు వైను. లైసెన్సు లేకుండా వైను తీయడం మన దగ్గర నేరం. కాబట్టి ఇది చేయమని చెప్పే పాఠం కాదు. పంటకు విలువ ఎలా పెరుగుతుందో తెలుసుకునేందుకు మాత్రమే.

తయారీ విధానం

దీనికి 'సావన్యాన్' అనే ఒక్క తెల్లద్రాక్ష రకమే వాడతారు. బాగా పండనిచ్చి, ఆలస్యంగా కోస్తారు. రసంలో తీపి మిగలకుండా పులియబెట్టి, 228 లీటర్ల పాత ఓక్ పీపాల్లో పోస్తారు. మామూలు వైను ఆవిరై తగ్గితే మళ్ళీ నింపుతారు. దీన్ని నింపరు. ఖాళీ అయిన చోట గాలి చేరి, వైను మీద ఈస్టు పొర కడుతుంది. ఆ పొర గాలిని అదుపులో ఉంచుతుంది. అది సరిగ్గా లేకపోతే సరుకు వెనిగర్ అయిపోవచ్చు. అందుకే మధ్య మధ్య నమూనా తీసి పరీక్షిస్తారు, చెడే పీపాను పక్కన పెడతారు.

కోత నుంచి అమ్మకానికి ఆరేళ్ళ మూడు నెలలు ఆగాలి. లీటరు పోస్తే 62 సెంటీలీటర్లే మిగులుతుందని లెక్క. అందుకే దీని సీసా కూడా 62 సెంటీలీటర్లదే. దీని వాసనకు కారణమైన 'సోటోలాన్' అనే పదార్థమే మన మెంతులకూ ఆ వాసన ఇస్తుంది.

అన్నాళ్ళు రైతు బతికేదెలా?

పంటంతా దీనికే పెట్టరు. త్వరగా అమ్ముడుపోయే వైన్లు కూడా తీస్తారు. ఆర్బువా ఊరి రైతులు 1906లోనే సహకార సంఘం పెట్టుకున్నారు. సొంత పీపాలు, గిడ్డంగి లేని రైతుకు ఇలాంటి సంఘమే ఆసరా.

పేరు నిలబెట్టుకోవడం

ఈ వైనుకు పేరుమోసిన ఊరు షాతో షాలోన్. 1936లోనే ఆ పేరుకు చట్టరక్షణ వచ్చింది. కోతకు ముందే తోటలు తనిఖీ చేస్తారు. 1974, 1980, 1984, 2001 సంవత్సరాల్లో పంట నాణ్యంగా లేదని ఆ పేరుతో అసలు వైనే తీయలేదు. నష్టం భరించారు, పేరు మాత్రం చెడనివ్వలేదు.

రైతులు గమనించవలసినవి

మన బనగానపల్లె మామిడికీ 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు కాగితం ఒక్కటే ధర తెచ్చిపెట్టదు.

* పక్వానికి రాని కాయను పేరున్న సరుకుతో కలపకండి.
* నిల్వ ఉంచదలిస్తే పంటలో కొంత భాగమే ఉంచండి, అప్పు వడ్డీ లెక్క చూసుకోండి.
* ఒక్కరివల్ల కాని గిడ్డంగి, గ్రేడింగు పనులకు పదిమంది కలిసి సంఘంగా ఏర్పడండి.